తొండకు చీమలే అన్నం

ఈసారి నాలుగు మాటలతో మొదలుపెడదాం. బల్లి, తొండ, ఉడుము, ఊసరవెల్లి. ఇంగ్లీషులో ఈ నాలుగూ లిజర్డ్ అనే ఒక్క మాట కింద ఇమిడిపోతాయి. తెలుగులో అలా కుదరదు. గోడ మీద, దీపం పక్కన పురుగు కోసం కాచుకుని ఉండేది బల్లి. పెరట్లో కంచె మీద ఎండ కాగుతూ తల పైకీ కిందికీ ఆడించేది తొండ. ఒళ్ళు పెద్దది, పట్టుకుంటే వదలనిది ఉడుము. మొండిగా పట్టుకునేవాళ్ళది "ఉడుంపట్టు" అనడం అందుకే. రంగులు మార్చేది ఊసరవెల్లి. "తొండ ముదిరి ఊసరవెల్లి అయినట్టు" అని సామెత ఉంది. మొదటినుంచీ గడుసుగా ఉన్నవాడు ఇంకా ముదిరిపోయాడని చెప్పడానికి వాడతారు. నిజానికి తొండ ఎంత ముదిరినా తొండే.

ఈ నెల మీకు చెప్పబోయేది ఒక తొండ గురించే. మీ అరచేతిలో ఇమిడిపోతుంది. నేను ఉండే ఇర్వింగ్ ఊరు ఒకప్పుడు దాని ఊరు. ఇప్పుడు దాన్ని చూడాలంటే జూకి వెళ్ళాలి. పిట్ట కొంచెం కూత ఘనం అంటారు కదా. ఈ జంతువుకు కూత లేదు. కానీ జూలో దీన్ని బతికించడం పెద్ద జంతువుల్ని బతికించినంత పని అని, ఆ పని చేసినవాళ్ళే అంటారు.

దీన్ని ఇంగ్లీషులో టెక్సస్ హార్న్‌డ్ లిజర్డ్ అంటారు. ఇక్కడి పాతకాపులు "హార్నీ టోడ్" అంటారు, అంటే కొమ్ముల గోదురుకప్ప. పక్కనే ఫోర్ట్‌వర్త్‌లో ఉన్న టెక్సస్ క్రిస్టియన్ యూనివర్సిటీ వాళ్ళు 1897 నుంచి దీన్ని తమ గుర్తుగా పెట్టుకుని "హార్న్‌డ్ ఫ్రాగ్" అంటున్నారు. శాస్త్రవేత్తలు పెట్టిన ఫ్రైనోసోమా అనే పేరుకు కూడా గ్రీకులో "గోదురుకప్ప ఒళ్ళు గలది" అనే అర్థం. ఇంతమంది కప్ప అన్నా ఇది కప్ప కాదు. ఒంటి మీద పొలుసులు ఉన్నాయి, కాళ్ళకు గోళ్ళు ఉన్నాయి, పగలు ఎండలో నేల మీద తిరుగుతుంది. కాబట్టి మనం దీన్ని కొమ్ముల తొండ అందాం.

చూడడానికి ఎలా ఉంటుంది? ఒళ్ళు అప్పచ్చిలా చదునుగా, వెడల్పుగా ఉంటుంది. తల వెనక కిరీటంలాగా కొమ్ములు, నడుమ రెండు పొడవైనవి. వీపు మీద తల నుంచి తోక దాకా ఒక తెల్లటి గీత. పక్కలకు ముళ్ళ అంచు. రంగు అచ్చం అక్కడి మట్టి రంగే. కదలకుండా పడుకుంటే పక్కనుంచి నడిచి వెళ్ళినా కనిపించదు. వాన పడితే వెనక భాగం పైకెత్తి, తల కిందికి వంచి నిలబడుతుంది. వీపు మీద పడిన నీరు పొలుసుల మధ్య సన్నటి కాలువల గుండా పారి నోటి దగ్గరికి వస్తుంది. అలా ఒంటితోనే నీళ్ళు తాగుతుంది.

దీని పేరు విన్న ప్రతివాళ్ళూ చెప్పే విషయం ఇంకొకటి ఉంది. కుక్కో, నక్కో, ఇక్కడి కొయొటీయో నోట కరుచుకోబోతే, ఈ తొండ కంటి అంచు నుంచి రక్తం చిమ్ముతుంది. సన్నటి ధార మీటరు దూరం దాటి పోగలదు. ఆ రక్తం రుచి కుక్కజాతి జంతువులకు బొత్తిగా పడదు. తల విదిలించుకుని వదిలేస్తాయి. మనుషుల మీద మాత్రం చాలా అరుదుగా చిమ్ముతుంది.

మరి ఇంత గడుసుదైతే దీన్ని పట్టుకోవడమే కష్టమా? కాదు. ఇది మీరు గుర్తుంచుకోవాల్సిన మొదటి సంగతి.

ఈ మధ్య మా బడి పిల్లలతో మాట్లాడడానికి ఒకావిడ వచ్చారు. చాలా ఏళ్ళు ఒక జూలో సరీసృపాల విభాగంలో కీపరుగా పనిచేసి రిటైరయ్యారు. సరీసృపాలు అంటే పాకే జంతువులు: పాములు, తొండలు, తాబేళ్ళు, మొసళ్ళు. "అన్నిటికంటే మిమ్మల్ని బాగా కష్టపెట్టిన జంతువు ఏది?" అని ఒక అబ్బాయి అడిగాడు. మొసలి అంటారని, తాచుపాము అంటారని మేమంతా ఎదురుచూశాం. ఆవిడ బొటనవేలినీ చూపుడువేలినీ కొంచెం ఎడంగా పట్టి, "ఇంత ఉంటుంది" అన్నారు. అప్పుడే గుడ్డు నుంచి బయటికి వచ్చిన కొమ్ముల తొండ పిల్ల.

"కరుస్తుందా?" అని అడిగారు పిల్లలు. కరవదట. చేతిలో పెట్టుకుంటే ఒళ్ళు చదును చేసి ఊరికే కూర్చుంటుందట. "అదే కష్టం" అన్నారావిడ. మొసలికి కోపం వస్తే తెలుస్తుంది. కోతికి ఆకలేస్తే తెలుస్తుంది. ఇది ఆరోగ్యంగా ఉన్నప్పుడూ కదలకుండానే ఉంటుంది, నీరసంగా ఉన్నప్పుడూ కదలకుండానే ఉంటుంది. ఆకలేసిందని అరవదు, నొప్పి పుట్టిందని మూలగదు. అందుకని ఒక్కొక్కదాన్నీ తూకం వేసి పుస్తకంలో రాసుకునేవారట. ఏది ఏదో ఎలా తెలుస్తుంది? పొట్ట మీద మచ్చలు చూస్తారు. మన వేలిముద్రలు ఎలా ఒకరివి ఒకరికి కలవవో, ఈ తొండల పొట్ట మీద మచ్చలూ అలాగే. పరిశోధకులు అడవిలో కూడా ఫోటో తీసి అలాగే గుర్తుపడతారు.

ఇక అసలు కష్టం తిండి. ఈ తొండకు ముఖ్యమైన ఆహారం చీమలు. ఏ చీమలైనా సరిపోవు. టెక్సస్ నేలలో గింజలు ఏరి పుట్టలో దాచుకునే పెద్ద ఎర్రచీమలు ఉన్నాయి. వాటిని హార్వెస్టర్ చీమలు అంటారు. మనం గింజచీమలు అందాం. చాలా చోట్ల ఈ తొండ తినేదాంట్లో సగానికి మించి ఈ గింజచీమలే. ఒక్క రోజులో పదుల కొద్దీ తింటుంది. చీమ ఒంట్లో ఎక్కువ భాగం గట్టి పెంకే కదా, బలం తక్కువ. అందుకే చాలా తినాలి, అందుకే పొట్ట అంత పెద్దది. పొట్ట పెద్దది కాబట్టి పరుగెత్తలేదు. పరుగెత్తలేదు కాబట్టి మట్టిలో మట్టిలా పడి ఉండాలి, ఒంటికి ముళ్ళు ఉండాలి, కంటి నుంచి రక్తం చిమ్మాలి. చూడండి, దీని ఒంటి మీద ఉన్న ప్రతి వింతకూ మూలం చీమే.

గింజచీమ కుట్టిందంటే ఆ మంట గంటల తరబడి ఉంటుంది. పురుగుల విషాల్లో దాని విషం చాలా ఘాటైనది. తొండ దాన్ని ఎలా మింగుతుంది? నమలదు. నాలుకతో అందుకోగానే గొంతులో చిక్కటి జిగురు చీమ చుట్టూ చుట్టుకుంటుంది. కాళ్ళూ కొండీ ఆడించడానికి వీలు లేకుండా కట్టిపడేసినట్టు అవుతుంది. పైగా తొండ రక్తంలోనే ఆ విషాన్ని విరిచే గుణం ఉంది. కీపరుకు మాత్రం ఆ గుణం లేదు. తొండ కుట్టదు, కరవదు. తొండకు అన్నం తెచ్చే మనిషిని అన్నమే కుడుతుంది. "శివుడాజ్ఞ లేనిదే చీమైనా కుట్టదు" అని మన పెద్దలు అంటారు. ఆవిడ చేతులు చూస్తే శివుడు ఆ జూ వైపు తిరిగి చాలా ఆజ్ఞలే ఇచ్చాడనిపించింది.

మరి బజారులో దొరికే చిన్న కీచురాళ్ళు పెట్టి పెంచకూడదా? పెడతారు, వాటి మీద విటమిను పొడి చల్లి మరీ పెడతారు. కానీ కీచురాళ్ళ మీదే ఉంచితే తొండ కొన్నాళ్ళు తింటూనే చిక్కిపోతుంది. పిల్లలకైతే పెద్ద గింజచీమ నోట పట్టదు. వాటి కోసం చిన్న చీమలు, ఈగపిల్లల్లాంటి సన్నపురుగులు రోజుకు ఒకటికి రెండుసార్లు పెట్టాలి. ఒక్క తొండ పెట్టే గుడ్లు ఇరవై, ముప్పై దాకా ఉంటాయి. సుమారు ఆరేడు వారాలకు పిల్లలు అన్నీ ఇంచుమించు ఒకేసారి బయటికి వస్తాయి. ఒక్కొక్కటి చిన్న నాణెం అంత. తల్లి వాటిని చూసుకోదు. ఇప్పుడు లెక్క వేయండి: పది తల్లులు, రెండు మూడు వందల పిల్లలు, ఒక్కొక్క పిల్లకు రోజుకు కొన్ని పదుల పురుగులు. కీపరు రోజంతా పురుగులకు కాపరే.

తిండి ఒక్కటే కాదు. పంజరంలో ఒక మూల బాగా వేడిగా, ఇంకో మూల చల్లగా ఉండాలి. ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాలు ఇచ్చే దీపం ఉండాలి, లేకపోతే ఎముకలు మెత్తబడతాయి. దూరిపోవడానికి పొడి ఇసుక ఉండాలి. చలికాలం నేలలో దూరి నెలల తరబడి పడుకోవడం దీని అలవాటు. ఆ నిద్ర లేకపోతే వేసవిలో గుడ్లు పెట్టదు. అందుకని జూలో కూడా చలి కల్పించి పడుకోబెడతారు, మళ్ళీ మెల్లగా వేడి పెంచి లేపుతారు.

ఇవన్నీ తెలియని రోజుల్లో ఈ తొండ గురించి జనం ఏమనుకునేవారో చెప్తాను వినండి. ఫోర్ట్‌వర్త్‌కు పడమటి వైపు ఈస్ట్‌లాండ్ అనే ఊరుంది. 1897లో అక్కడ న్యాయస్థానం కడుతూ, మూలరాయిలో ఒక బైబిలుతో పాటు ఇంకొన్ని వస్తువులు పెట్టారు. ఒక బతికున్న కొమ్ముల తొండను కూడా పెట్టారు. 1928 ఫిబ్రవరిలో ఆ కట్టడాన్ని పడగొట్టి, వేలమంది చూస్తుండగా ఆ రాయి తెరిచారు. తొండ బయటికి వచ్చింది, కాలు కదిపింది, బతికే ఉంది అన్నారు. కథలో ఇరవై ఏళ్ళు నిద్రపోయిన రిప్ వాన్ వింకిల్ పేరు మీద దానికి "ఓల్డ్ రిప్" అని పేరు పెట్టారు. ఊరూరా తిప్పారు. అమెరికా అధ్యక్షుడు కూలిడ్జ్‌కు చూపించారు. ఏడాది తిరగకముందే, 1929 జనవరిలో అది చనిపోయింది. దాని ఒంటిని ఈస్ట్‌లాండ్ న్యాయస్థానంలో అద్దాల పెట్టెలో పెట్టారు, ఇప్పటికీ చూడవచ్చు.

నిజంగా ముప్పై ఒక్క ఏళ్ళు తిండి, నీళ్ళు లేకుండా రాతిలో ఉందా? అడవిలో ఈ తొండలు మామూలుగా ఐదు నుంచి ఎనిమిదేళ్ళు బతుకుతాయి. మిగతాది మీరే తేల్చుకోండి. నాకు ముఖ్యమైన సంగతి వేరు. ఈ జంతువుకు ఏమీ అక్కరలేదని ఒక ఊరంతా సంతోషంగా నమ్మింది. అదే నమ్మకంతో టెక్సస్ పిల్లలు తరతరాలుగా ఈ తొండల్ని పట్టి చెప్పుల అట్టపెట్టెల్లో పెట్టుకున్నారు. వ్యాపారులు వేలకు వేలు పట్టి దూరదేశాలకు అమ్మారు. పెట్టెలో తొండ అరవదు, కరవదు, కదలదు. బాగానే ఉంది అనుకుంటారు. కొన్ని వారాలకు చనిపోతుంది. చంపినవాళ్ళకు చంపామని కూడా తెలియదు.

1977 నుంచి టెక్సస్ ప్రభుత్వం దీన్ని ముప్పు ఉన్న జంతువుల జాబితాలో పెట్టింది. అనుమతి లేకుండా పట్టకూడదు, ఇంట్లో ఉంచుకోకూడదు, అమ్మకూడదు. 1993లో దీన్నే రాష్ట్ర సరీసృపంగా కూడా ప్రకటించారు. అయినా ఇర్వింగ్, డల్లస్ చుట్టుపక్కల, ఇంకా తూర్పు వైపు ఇవి కనిపించకుండా పోయాయి. కారణాలు చాలా ఉన్నాయి. బీడునేలలు ఇళ్ళూ రోడ్లూ అయ్యాయి. వట్టి నేల ఉన్నచోట దట్టమైన పచ్చిక పరిచారు. ఆ పచ్చికలో ఈ చిన్న కాళ్ళ తొండ నడవలేదు. ఇక నిప్పుచీమలు. ఇవి దక్షిణ అమెరికా నుంచి 1930లలో ఓడ సరుకుతో పాటు అలబామాలోని మొబైల్ రేవుకు చేరాయి, 1950లకల్లా టెక్సస్‌లోకి వచ్చాయి. ఓడెక్కి వచ్చిందల్లా చెడ్డదని నేను అనను. అంటే మన తాతముత్తాతలు ఊరుకోరు. కానీ ఈ చీమలు నేల మీద పెట్టే గుడ్లనూ, చిన్న పిల్లలనూ తినేస్తాయి. వాటిని చంపడానికి జనం మందు చల్లారు. మందుకు ఏ చీమ ఏదో తెలియదు. గింజచీమలు కూడా చచ్చాయి. తొండ అన్నం పోయింది.

ఇక్కడ ఒక మంచి మాట కూడా చెప్పాలి. ఇందాక చెప్పిన టీసీయూ పరిశోధకులు దక్షిణ టెక్సస్‌లో కెనెడీ, కార్న్స్ సిటీ అనే రెండు చిన్న ఊళ్ళలో చాలా ఏళ్ళుగా ఈ తొండల్ని గమనిస్తున్నారు. అక్కడ ఇవి ఇళ్ళ మధ్యనే ఉన్నాయి. సందుల్లో, కంచెల పక్కన, ఎవరూ పెద్దగా పట్టించుకోని ఖాళీ జాగాల్లో బతుకుతున్నాయి. అక్కడ గింజచీమలు కొంచెమే తిని, చెదపురుగులూ చిన్నచీమలూ ఎక్కువగా తింటున్నాయని వాటి పెంటికలు పరీక్షించి తెలుసుకున్నారు. అంటే మనుషులు ఉన్నచోట ఇవి ఉండలేవన్నది నిజం కాదు. పురుగే ఉండకూడదని మనుషులు పట్టుబట్టినచోట ఉండలేవు.

ఫోర్ట్‌వర్త్ జూ వాళ్ళు ఇరవై ఏళ్ళకు పైగా ఈ తొండల్ని పిల్లలు చేయిస్తున్నారు. డల్లస్, శాన్ ఆంటోనియో జూలు కూడా ఈ పనిలో ఉన్నాయి. టెక్సస్ వన్యప్రాణి శాఖతో కలిసి, మేసన్ మౌంటెన్ అనే రక్షిత ప్రాంతంలో జూలో పుట్టిన పిల్లల్ని వందల కొద్దీ వదిలారు. అడవిలో మొదటి ఏడాది దాటేవి చాలా తక్కువ. ఏళ్ళ తరబడి వదులుతూ, వెతుకుతూ, లెక్కపెడుతూ వచ్చారు. 2021లో అక్కడ కొత్త పిల్లలు కనిపించాయి. జూలో పుట్టిన తొండలు అడవిలో పెరిగి, అక్కడే గుడ్లు పెట్టి కన్న పిల్లలు అవి. మా బడికి వచ్చిన ఆవిడ ఈ వార్త చెప్పేటప్పుడు ఒక్క క్షణం ఆగిపోయారు. తర్వాత అన్నారు: "పిల్లల్ని పుట్టించడం మేము నేర్చుకున్నాం. చీమలున్న నేలను మేము పుట్టించలేం."

ప్రతి చిన్న జంతువుకూ ఇలా ఒక కష్టం ఉంటుంది, దాన్ని కనిపెట్టడమే కీపరు పని అని కూడా ఆవిడ అన్నారు. అది వినగానే నాకు హైదరాబాదు జూ గుర్తుకొచ్చింది. అక్కడి నెహ్రూ జూలాజికల్ పార్కులో మూషిక జింక అనే జంతువు ఉంది. మూషికం అంటే ఎలుక. జింక అన్నా దానికి కొమ్ములు లేవు. మూడు కిలోల బరువు, కుందేలంత ఒళ్ళు, పుల్లల్లాంటి కాళ్ళు. భారతదేశంలో గిట్టలున్న జంతువుల్లో ఇదే అన్నిటికంటే చిన్నది. దానికి తిండి పెట్టడం పెద్ద కష్టం కాదు. దాని కష్టం భయం. రాత్రిపూట ఒంటరిగా తిరిగే జంతువు. అలికిడైతే బెదిరి గోడకు గుద్దుకుంటుంది. పట్టుకుంటేనే గుండె ఆగేంత పిరికిది. దాన్ని చూసుకునేవాళ్ళు నెమ్మదిగా నడవడం, చప్పుడు చేయకపోవడం, దాక్కోవడానికి చోటు ఇవ్వడం నేర్చుకోవాలి. సీసీఎంబీ శాస్త్రవేత్తలు దాన్ని ముట్టుకోకుండానే, పెంటికల్లో ఉండే హార్మోన్లు పరీక్షించి అది ఎప్పుడు చూలుతో ఉందో తెలుసుకునే పద్ధతి పట్టారు. 2010లో ఆరు జంతువులతో మొదలైన ఈ పనిలో కొన్నేళ్ళకే వాటి సంఖ్య రెండు వందలు దాటింది. 2017లో కొన్నిటిని నల్లమల అడవుల్లోని అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో వదిలారు. తొండకు చీమలు ఎలాగో, దానికి నిశ్శబ్దం అలాగ.

ఇప్పుడు దీనికి సరిగ్గా ఎదురుగా ఉండే జంతువును చూడండి. ముంగిస. పంచతంత్రంలో పసిబిడ్డను పాము నుంచి కాపాడిన ముంగిస కథ మీలో చాలామంది విని ఉంటారు. ముంగిసకు ఏదైనా ఆహారమే: ఎలుక, గుడ్డు, పక్షి, కప్ప, పండు. ఎక్కడ పెట్టినా బతుకుతుంది. అందుకే చెరకుతోటల దొరలు దాన్ని ఓడలెక్కించారు. జమైకాకు 1872లో, ఫిజీకి 1883లో, మా మారిషస్‌కు 1900లో అది చేరింది. మన పెద్దలు గిర్మిటు మీద దిగిన దీవులే చాలావరకు. ఎలుకల్ని చంపుతుందని తెచ్చారు. అది ఎలుకలతో ఆగలేదు, నేల మీద గూడు కట్టే పక్షుల్ని, తొండల్ని తినేసింది. అందుకే అమెరికాలోకి ముంగిసను తేవడాన్ని చట్టం ఒప్పుకోదు. 1962లో భారతదేశం నుంచి వచ్చిన ఒక నావికుడు ఉత్తరాన డులూత్ ఊరి జూకి ఒక ముంగిసను ఇచ్చాడు. దానికి మిస్టర్ మగూ అని పేరు. అధికారులు దాన్ని చంపాలన్నారు. ఊరంతా గోల చేస్తే, చివరికి వాషింగ్టన్ దాకా పోయిన ఆ గొడవ దాన్ని బతకనిచ్చింది. జోడు లేకుండా ఒంటరిగా జూలోనే ఉండిపోయింది. దాన్ని చూసుకోవడం ఎవరికీ కష్టం కాలేదట.

పెంచడానికి తేలికైన జంతువు నేలకు బరువైంది. పెంచడానికి కష్టమైన జంతువు నేలకు ఏ బరువూ కాలేదు. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుంటే, కీపరు పడే కష్టం జంతువు చెడ్డతనం వల్ల కాదని తెలుస్తుంది. ఆ చిన్న తొండ తన నేలతో అంతగా ముడిపడి ఉంది. దాన్ని విడిగా తెచ్చి పెట్టెలో పెడితే, నేలంతా మనమే మోసుకురావాలి: ఎండ, చలి, ఇసుక, చీమలు.

టెక్సస్‌లో ఉన్న మీకు నేను చెప్పగలిగిన పని చిన్నదే. మందు చల్లే ముందు ఆ చీమ ఏదో చూడండి. నిప్పుచీమల పుట్ట మెత్తటి మట్టి దిబ్బలా ఉంటుంది, పైన బొరియ కనిపించదు. కాలు తగిలితే వందలకొద్దీ చిన్నచీమలు ఒక్కసారిగా ఎగబాకుతాయి. గింజచీమల పుట్ట అలా ఉండదు. చుట్టూ గడ్డి లేకుండా గుండ్రటి వట్టి నేల, దాని మీద సన్నటి గులకరాళ్ళు, నడుమ ఒక బొరియ, దాని నుంచి నాలుగు వైపులా బారులు. చీమలు కూడా పెద్దవి, గింజలు మోసుకుపోతుంటాయి. వాటిని మీరు కదపకపోతే అవి మీ జోలికి రావు. పసిపిల్లలు ఆడుకునే చోట కాకపోతే ఆ పుట్టను ఉండనివ్వండి. నిప్పుచీమలకు మందు వేయక తప్పదంటే, పెరడంతా చల్లకుండా ఆ ఒక్క పుట్టకే వేయండి. ఎప్పుడైనా పడమటి వైపు ప్రయాణంలో వట్టి నేల మీద ఒక ముళ్ళ అప్పచ్చి కనిపిస్తే, ఫోటో తీసుకోండి. చేతిలోకి మాత్రం తీసుకోకండి.

డర్బన్‌లో, సువాలో, పోర్ట్ లూయిస్‌లో ఉన్న మీకు వేరే పని. మీ ఇంటి దగ్గర తిరిగే ఒక చిన్న జంతువును ఎంచుకోండి. బల్లి కావచ్చు, తొండ కావచ్చు. అది ఏం తింటుందో ఒక వారం గమనించి, ఐదు వాక్యాలు తెలుగులో రాసి పంపండి. "తింటుంది", "తినదు" అనే క్రియలు వాడండి. తప్పులు ఉంటే ఉండనీయండి, నేను దిద్దుతాను. జంతువు పేరు తెలియకపోతే బాధలేదు. దాని అన్నం పేరు తెలుసుకోండి.